సైకిలు గురించి నాలుగు మాటలు
(బే ఏరియా సభ్యుల నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ నెల ప్రసంగం సైకిలు మీద అని మెయిల్ వెళ్ళగానే నాకు మూడు ఫోన్లు వచ్చాయి. "ఏమయ్యా, మనది ఏ పార్టీకీ చెందని వేదిక అనుకున్నామే" అని. 1982లో పుట్టిన పార్టీ గుర్తుకీ నా ప్రసంగానికీ ఏ సంబంధమూ లేదని ముందే మనవి చేసుకుంటున్నాను. రెండు చక్రాలూ ఒక చెయినూ వుండి, తొక్కితే కదిలే అసలు సైకిలు గురించే ఈ మాటలు.

రాజకీయ వేదిక మీద సైకిలు సంగతి ఎందుకంటారా? విషయం మీకు తెలిసిందే. మనవాళ్ళు ఎక్కువగా వుండే అపార్టుమెంట్ల దగ్గర మొదలై, హైస్కూలు మీదుగా రైలు స్టేషనుకి పోయే రోడ్డుంది కదా. దాని మీద ఒక పక్క పార్కింగ్ తీసేసి, అడ్డంగా సిమెంటు దిమ్మెలు పెట్టి, సైకిళ్ళకు విడిగా దారి వేస్తామని ఊరి కౌన్సిల్ ముందు ప్రతిపాదన వచ్చింది. వచ్చే నెల ఓటింగు. దీన్ని ఆపమంటూ వాట్సాప్‌లో తిరుగుతున్న పిటిషన్ నేనూ తెరిచి చూశాను. సంతకాల్లో సగానికి సగం మన పేర్లే. ఉగాదికి ఒకచోట చేరడానికి నానా తిప్పలూ పడే మనం దీని మీద మాత్రం రెండు రోజుల్లో ఏకమయ్యాం. ఆ ఐకమత్యానికి ముచ్చట పడాలో బాధ పడాలో తెలియక ఈ ప్రసంగానికి ఒప్పుకున్నాను.

సైకిలంటే మనకెందుకింత చిన్నచూపు? నాకు తోచింది చెబుతాను, కాదనేవాళ్ళు తర్వాత కాదనండి. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో దాదాపు 45 శాతం ఇళ్ళలో సైకిలుంది. కారున్న ఇళ్ళు 5 శాతం లోపే. ఈ హాల్లో వున్న చాలామంది నాన్నలు సైకిలు మీదే బడికో, ఆఫీసుకో, పొలానికో వెళ్ళినవాళ్ళు. ముందు రాడ్డు మీద తువ్వాలు మడిచి పరిస్తే దాని మీద కూర్చుని మనం బడికి వెళ్ళాం. ఫ్రేము సందులోంచి కాలు పెట్టి తొక్కడం నేర్చుకుని మోకాళ్ళు చెక్కుకున్నాం. తర్వాత స్కూటరు వచ్చింది, ఆ తర్వాత కారు. మన ఇళ్ళల్లో ఎదుగుదలకు లెక్క చక్రాలతోనే. అందుకే సైకిలంటే మనకు వాహనం కాదు, వదిలించుకున్న లేమి. అమెరికా వచ్చి మళ్ళీ సైకిలెక్కితే ఊళ్ళో అమ్మకి ఫోన్లో చెప్పుకోలేం. వారాంతాల్లో వేల డాలర్ల సైకిలు మీద బిగుతు బట్టలేసుకుని కొండలెక్కేవాడిని చూసి "ఫిట్‌నెస్ పిచ్చి" అని మెచ్చుకుంటాం. మంగళవారం రాత్రి పదింటికి పాత సైకిలు మీద సంచీ తగిలించుకుని ఇంటికొచ్చే కుర్రాణ్ణి మాత్రం చూడం. కౌన్సిల్‌లో మాట్లాడే తీరిక కూడా మొదటివాడికే వుంటుంది, రెండోవాడికి వుండదు.

ఆ రెండోవాడు మనవాడే. ఎం.ఎస్. చదవడానికి వచ్చిన మొదటి సంవత్సరం ఎవరి దగ్గరా కారుండదు. ఇంట్లో ఒకే కారున్న చోట భర్త ఆఫీసుకు వెళ్ళాక భార్యకు మిగిలేది బస్సూ కాళ్ళూ. పైగా చాలా రాష్ట్రాల్లో మన డ్రైవింగ్ లైసెన్సు గడువు వీసా కాగితాల గడువుతో ముడిపడి వుంటుంది. పొడిగింపు కాగితం చేతికి రాకముందే లైసెన్సు గడువు తీరిపోయి, పాలు తెచ్చుకోవడానికి కూడా పక్కింటి వాళ్ళని అడిగిన కుటుంబాలు ఈ గదిలోనే వున్నాయి. సైకిలుకు లైసెన్సు అక్కర్లేదు. మన వేదిక ఇన్నేళ్ళుగా వీసా బాధల మీద ఎన్నో అర్జీలు రాసింది. ఈ దారి కూడా ఆ బాధలో ఒక పూటకి పనికొచ్చేదే.

ఇక ఒక సంగతి చెప్పాలి. పేరు చెప్పను, ఆ అబ్బాయి వద్దన్నాడు. ఖమ్మం వైపు నుంచి చదువుకోవడానికి వచ్చాడు. యూనివర్సిటీ లైబ్రరీలో రాత్రి డ్యూటీ. నిరుడు చలికాలంలో, నేను చెబుతున్న ఈ రోడ్డు మీదే, ఇంటికొస్తూ ఒక కారు కింద పడ్డాడు. కాలర్ ఎముక విరిగింది. వెనక లైటు లేదు. ఇల్లు ఎడమ పక్కనే కదా అని, వచ్చే కార్లకు ఎదురుగా తొక్కుతున్నాడు. పక్క సందులోంచి కుడికి తిరగబోతున్న డ్రైవరు ఎడమ వైపు చూసి, కార్లు లేవని నిర్ధారించుకుని కదిలాడు. కుడి వైపు నుంచి సైకిలు వస్తుందని అతను కలలో కూడా అనుకోలేదు.

మన ఊళ్ళల్లో దీన్ని రాంగ్ రూట్ అంటాం, కాస్త దూరానికి ఎవరూ పట్టించుకోరు. అక్కడ అందరూ అన్ని వైపులా చూస్తూ నడుపుతారు కాబట్టి ఎలాగో గడిచిపోతుంది. ఇక్కడ ఎవరు ఎక్కడినుంచి వస్తారో ముందే తెలుసన్న ధీమాతో నడుపుతారు. ఆ ధీమాకి ఎదురెళితే ప్రాణం మీదికొస్తుంది. నడిచేవాళ్ళు ఫుట్‌పాత్ లేనిచోట కార్లకు ఎదురుగా నడవాలి, నిజమే. సైకిలు మాత్రం కార్లు పోయే దిశలోనే పోవాలి. కొత్తగా వచ్చిన ప్రతి విద్యార్థికీ విమానాశ్రయంలోనే చెప్పాల్సిన మాట ఇది. అమెరికాలో 2022లో 1,100 మందికి పైగా సైకిలు తొక్కేవాళ్ళు రోడ్డు మీద చనిపోయారు. ఆ అబ్బాయి ఆ లెక్కలోకి పోలేదు, అదృష్టం.

నన్ను ఎక్కువ బాధపెట్టింది తర్వాత జరిగింది. డ్రైవరు దిగి క్షమించమన్నాడు, ఫోన్ నంబరు ఇస్తానన్నాడు. మనవాడు "నాకేం కాలేదు" అని, వంగిన హ్యాండిల్ పట్టుకుని ఇంటికి నడిచాడు. ఎందుకయ్యా అంటే, పోలీసు రిపోర్టు రాస్తే వీసాకు ఇబ్బంది అని రూమ్మేట్లు చెప్పారట. ఈ పుకారు మన విద్యార్థుల్లో ఎక్కడ పుట్టిందో గానీ పల్లేరు తీగలా పాకింది. దెబ్బ తిన్నవాడు జరిగింది పోలీసులకు చెప్పుకోవడం వీసా షరతులను ఉల్లంఘించడం కాదు. మామూలు ట్రాఫిక్ టికెట్ కూడా క్రిమినల్ కేసు కాదు. తాగిన మత్తులో సైకిలెక్కడం మాత్రం కాలిఫోర్నియాలో నేరమే. కారు కాదు కదా అనుకోకండి.

కాబట్టి దెబ్బ తగిలితే 911కి ఫోన్ చెయ్యండి. పోలీసులు వచ్చేదాకా కదలకండి. కారు నంబరూ, డ్రైవరు బీమా కార్డూ, చూసినవాళ్ళ ఫోన్ నంబర్లూ తీసుకోండి. సైకిలు పడ్డది పడ్డట్టుగా ఫోటో తియ్యండి, వెంటనే బాగు చేయించకండి. "నాకేం కాలేదు" అన్న మాట డాక్టరు అనాలి, మీరు కాదు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. మీ సొంత కారు పాలసీలో అన్‌ఇన్సూర్డ్ మోటరిస్ట్ కవరేజీ వుంటే, మీరు సైకిలు మీద వున్నప్పుడు బీమా లేనివాడు గుద్దినా, గుద్ది పారిపోయినా అది సాధారణంగా పనికొస్తుంది. పారిపోయిన కేసులో 24 గంటల్లోగా పోలీసులకు తెలియజేసి వుండాలి. ఇంటికెళ్ళి పాలసీ తీసి చూసుకోండి.

చట్టం మన వైపు ఎంతుందో కూడా తెలుసుకోవాలి. కాలిఫోర్నియాలో సైకిలు తొక్కేవాళ్ళకు కారు నడిపేవాళ్ళకున్న హక్కులూ బాధ్యతలూ రెండూ వున్నాయి. వీలైనంత కుడి అంచున తొక్కాలన్నది నిజమే. అయితే ఎడమకి తిరగాలన్నా, గోతులు తప్పించాలన్నా, కారూ సైకిలూ పక్కపక్కన పట్టనంత ఇరుకు లేన్ అయినా మధ్యలోకి రావచ్చు. వెనకవాడు హారన్ కొట్టాడని గట్టర్‌లోకి దిగనక్కర్లేదు. 2014 సెప్టెంబరు నుంచి కారు సైకిలుని దాటేటప్పుడు కనీసం మూడడుగుల ఎడం వదలాలి. 2023 జనవరి నుంచి, పక్క లేన్ ఖాళీగా వుంటే ఆ లేన్‌లోకి మారే దాటాలి. ఇది కారు నడిపే మనందరికీ వర్తిస్తుంది. ఈ గదిలో ఎంతమందికి తెలుసో చేతులెత్తమని అడగను లెండి.

మన బాధ్యతల సంగతి. చీకటి పడితే ముందు 300 అడుగుల నుంచి కనబడే తెల్ల లైటు, వెనక 500 అడుగుల నుంచి కనబడే ఎర్ర రిఫ్లెక్టరో లైటో వుండాలి. రిఫ్లెక్టరుతో సరిపెట్టుకోకండి, ఎర్ర లైటు పెట్టండి. రెండు లైట్లూ కలిపి ఒక బిర్యానీ ఖర్చు. రెండు చెవుల్లోనూ ఇయర్‌ఫోన్లు పెట్టుకోకూడదు. పద్ధెనిమిదేళ్ళ లోపు పిల్లలకు హెల్మెట్ తప్పనిసరి. స్టాప్ గుర్తు దగ్గర ఆగాలి. ఐడాహోలో 1982 నుంచి అక్కడ సైకిలు నెమ్మదించి, ఎవరూ లేకపోతే పోవచ్చు. ఇక్కడ అలాంటి బిల్లు శాసనసభ దాటినా 2021లో గవర్నరు వీటో చేశారు. నా అభిప్రాయంలో ఆ బిల్లు మంచిదే. కానీ చట్టం కానిదాన్ని నాలుగు రోడ్ల కూడలిలో అమలు చెయ్యకండి.

మర్యాదలన్నిటిలో ముఖ్యమైనది తలుపు. ఆగి వున్న కార్ల వరసకి ఆనుకుని తొక్కితే ఎవరో ఒకరు తలుపు తీస్తారు. మీరు దాన్ని గుద్దుకుని రోడ్డు మధ్యలో పడతారు. నాలుగడుగులు ఎడంగా తొక్కండి. కారులో వున్నప్పుడు తలుపుని దగ్గరి చేత్తో కాక దూరపు చేత్తో తియ్యండి. ఎడమ పక్క కూర్చున్నవాళ్ళు కుడి చేత్తో అన్నమాట. ఒళ్ళు దానంతటదే వెనక్కి తిరుగుతుంది, వచ్చే సైకిలు కనబడుతుంది. పిల్లలకు ఒక వారంలో అలవాటవుతుంది, పెద్దవాళ్ళకు కొంచెం టైం పడుతుంది. ఇంకొకటి, తిరగబోతున్న లారీకి కుడి పక్కన దూరకండి, వెనకే ఆగండి. కాలిబాటల మీద నడిచేవాళ్ళ వెనక బెల్లు అదేపనిగా మోగించకండి. ఒకసారి చాలు. "మీ ఎడమ నుంచి వస్తున్నా" అని ఇంగ్లీషులో ఒక మాట అంటే ఇంకా మంచిది. మన ఊళ్ళో బెల్లు పలకరింపు, ఇక్కడ దబాయింపులా వినిపిస్తుంది.

బాగోగుల గురించి చెప్పమని కుర్రవాళ్ళు ముందే అడిగారు. గరాజుల్లో మూలపడ్డ సైకిళ్ళు బాగు చెయ్యడం కష్టమేమీ కాదు. ఎక్కేముందు మూడు చూడండి: గాలి, బ్రేకు, చెయిను. ఎంత గాలి పట్టాలో టైరు పక్కనే అచ్చు వేసి వుంటుంది. బొటనవేలితో నొక్కి చూసి చాలనుకోకండి, మీటరున్న పంపు కొనండి. బ్రేకు మీట నొక్కితే హ్యాండిల్‌కి తగిలేదాకా వస్తోందంటే తీగ బిగించాలి, లేదా రబ్బరు అరిగిపోయింది. చెయినుకి వంటనూనె రాసినవాళ్ళని నేను చూశాను. దయచేసి వద్దు. పాత గుడ్డతో తుడిచి, చెయిను నూనె ఒక్కో కీలు మీద ఒక్కో చుక్క వేసి, పెడల్ వెనక్కి తిప్పి, పైన మిగిలింది మళ్ళీ తుడిచెయ్యాలి. నూనె లోపల పని చెయ్యాలి, పైనుంటే మట్టి పడుతుంది. చెయిను సాగిందో లేదో చూడ్డానికి అంగుళాల స్కేలు చాలు. కొత్త చెయినులో పిన్నుకీ పిన్నుకీ మధ్య సరిగ్గా అర అంగుళం. ఒక పిన్ను నడిమికి సున్నా పెడితే పన్నెండో అంగుళం గీత ఇంకో పిన్ను నడిమికి రావాలి. అంగుళంలో పదహారో వంతు తేడా వస్తే చెయిను మార్చండి. బద్ధకిస్తే వెనక పళ్ళ చక్రాలు కూడా అరుగుతాయి, ఖర్చు రెట్టింపవుతుంది.

పంక్చరు వెయ్యడం చూడని తెలుగువాడు లేడు. బేసిన్‌లో నీళ్ళు, బుడగలు, గరుకు కాగితం, సొల్యూషను. ఇక్కడా అదే విద్య. సొల్యూషను తడి ఆరేదాకా ఓపిక పట్టి అప్పుడు ప్యాచ్ అంటించాలి. ట్యూబు బాగు చేసి టైరు లోపల చూడకుండా ఎక్కిస్తే మళ్ళీ అదే ముల్లు, అదే చోట. వేళ్ళతో మెల్లిగా తడిమి, ముల్లు పీకేశాకే ఎక్కించండి. ఆ ముల్లు ఏమిటో తెలుసా? కాలిఫోర్నియాలో సైకిళ్ళ పాలిట శత్రువు మన పల్లేరు కాయే. పొలం గట్ల మీద మన కాళ్ళలో గుచ్చుకున్న ఆ మొక్కే. మనకంటే ఎంతో ముందు, ఏ వీసా లేకుండా వచ్చి స్థిరపడిపోయింది. దాన్ని అదుపు చెయ్యడానికి 1961లో భారతదేశం, ఫ్రాన్స్, ఇటలీల్లో వుండే రెండు రకాల ముక్కు పురుగుల్ని తెచ్చి వదిలారు. ముల్లుకీ విరుగుడు మన దగ్గరిదే దొరికింది.

ఆడవాళ్ళ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. 1990ల మొదట్లో పక్కనే తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా ఆడవాళ్ళకు సైకిలు నేర్పారు. కలెక్టర్ షీలా రాణీ చుంకత్ దానికి అండగా నిలబడ్డారు. పల్లెల్లో ఆడవాళ్ళు పదుల వేల సంఖ్యలో సైకిలెక్కారు. సరిగ్గా ఆ రోజుల్లోనే మన నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతుల నుంచి సారా వ్యతిరేక పోరాటం లేచింది. అక్కడ చదువు చక్రాల మీదికి ఎక్కించింది, ఇక్కడ సారా దుకాణం మూయించింది. బస్సు కోసం, భర్త కోసం, అన్న కోసం ఎదురు చూడకుండా తన పని మీద తను వెళ్ళగలగడం ఎంత పెద్ద సంగతో ఆ ఊళ్ళ వాళ్ళకు ఒకరు చెప్పనక్కర్లేదు. మన అపార్టుమెంట్లలో డిపెండెంట్ వీసా మీద వున్న అక్కచెల్లెళ్ళను అడగండి. సైకిలు ఇష్టమే, ఆ రోడ్డంటేనే భయం అంటారు. నేను అడిగినవాళ్ళంతా ఇదే మాట అన్నారు.

ఇప్పుడు పార్కింగ్. మన పెద్దలొకరు నాతో, "బాబూ, నువ్వు చెప్పేవన్నీ బాగానే వున్నాయి. మా ఇంటికి వియ్యాలవారు వస్తే కారు నీ నెత్తిన పెట్టుకుంటావా?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. నేనూ, ఇంకో ఇద్దరు సభ్యులమూ వరసగా కొన్ని సాయంత్రాలు ఆ రోడ్డు ఆ చివరి నుంచి ఈ చివరిదాకా నడిచి చూశాం. మామూలు రోజుల్లో రెండో పక్కన చోటు దొరుకుతూనే వుంది. శనివారం ఫంక్షన్లున్నప్పుడు మాత్రం నిజంగానే ఇబ్బంది. అది దాచను. అయితే కౌన్సిల్‌ని అడగాల్సింది దారి వద్దని కాదు, శని ఆదివారాల్లో హైస్కూలు పార్కింగ్ తెరవమని. ఇంకో మాట కూడా చెప్పాలి. 2025 జనవరి నుంచి రాష్ట్రమంతటా క్రాస్‌వాక్‌కి ముందు 20 అడుగుల లోపు కారు ఆపకూడదు. పిటిషన్‌లో కోల్పోతామని లెక్కేసిన చోట్లలో కొన్ని ఇప్పటికే చట్టప్రకారం లేనట్టే.

నెదర్లాండ్స్ గురించి చెబితే "వాళ్ళ సంస్కృతి వేరు" అంటారు. సంస్కృతి కాదు, పోరాటం. 1971లో ఆ చిన్న దేశంలో దాదాపు 3,300 మంది రోడ్డు ప్రమాదాల్లో చనిపోయారు. అందులో 400 మందికి పైగా పిల్లలు. తల్లిదండ్రులు రోడ్ల మీద బైఠాయించారు. "పిల్లల హత్యలు ఆపండి" అన్నదే ఆ ఉద్యమం పేరు. 1973లో చమురు సంక్షోభం తోడైంది. ఈరోజు మనం ఫోటోల్లో చూసే దారులు అప్పుడు కొట్లాడి తెచ్చుకున్నవే. మన హైదరాబాదులో 2023లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిలు ట్రాక్ వేసి, పైన సోలార్ కప్పు కట్టారు. చూడ్డానికి బాగుంది, నేనూ తొక్కాను. కానీ కూకట్‌పల్లిలో తెల్లవారకుండానే సైకిలు మీద పేపర్లు వేసే కుర్రాడికి దానితో పని లేదు. అందుకే మనం అడిగే దారి సరదాకి తిరిగే పార్కులో కాక, బడికీ స్టేషనుకీ పోయే రోడ్డు మీదే వుండాలంటున్నాను.

దూర ప్రయాణాల మీద ఆసక్తి వున్నవాళ్ళకు రెండు ముక్కలు. హాఫ్ మూన్ బే నుంచి శాంటా క్రూజ్‌కి ఒకటో నంబరు హైవే మీద దాదాపు 50 మైళ్ళు. ఎప్పుడూ ఉత్తరం నుంచి దక్షిణానికే తొక్కండి. గాలి ఎక్కువగా వాయవ్యం నుంచి వీస్తుంది, వెనక నుంచి తోస్తుంది. దారిలో పిజియన్ పాయింట్ దగ్గర 115 అడుగుల పాత లైట్‌హౌస్ వుంది, పులిహోర పొట్లం విప్పడానికి మంచి చోటు. కొన్ని స్టేట్ పార్కుల్లో సైకిలు మీద వచ్చేవాళ్ళకు తక్కువ ధరకు గుడారం వేసుకునే చోటు విడిగా వుంటుంది. వెళ్ళే ముందు వెబ్‌సైటులో చూసుకోండి. అంత దూరం వద్దనుకునేవాళ్ళు సైకిలుతో సహా కాల్‌ట్రైన్ ఎక్కండి. అందులో సైకిళ్ళు పెట్టుకునే పెట్టెలు వేరే వున్నాయి.

పిటిషన్ మీద సంతకం చేసినవాళ్ళను నేను తప్పు పట్టడం లేదు. సంతకం వెనక్కి తీసుకోవాలనుకుంటే సిటీ క్లర్కుకు రెండు వాక్యాల మెయిల్ పంపితే చాలు, నమూనా వెనక బల్ల మీద పెట్టాను. కౌన్సిల్ సమావేశంలో ఒక్కొక్కరికి రెండు మూడు నిమిషాలు ఇస్తారు. ఓటు హక్కు లేకపోయినా, పౌరసత్వం లేకపోయినా మాట్లాడవచ్చు, ఎవరూ కాగితాలు అడగరు. ఇంగ్లీషులో తడబడతామని సంకోచించకండి, రాసుకుని చదవండి. ఆ ఖమ్మం అబ్బాయి మాట్లాడతానన్నాడు. పక్కన నిలబడడానికి ఇంకో నలుగురు కావాలి. వచ్చే శనివారం ఉదయం తొమ్మిదింటికి ఇదే పార్కింగ్ స్థలంలో సైకిళ్ళు బాగు చేసుకుందాం. పంపూ, ప్యాచులూ, చెయిను నూనే నేను తెస్తాను. లైట్లు లేని విద్యార్థులెవరైనా వుంటే ముందుగా చెప్పండి, ఎన్ని కొనాలో లెక్క చూసుకుంటాను.